ఉత్త నోరు

జనవరి ఏడో తారీఖు. కరాషోక్ దాటాక
ప్రయోగశాల అని మేం పేరు పెట్టుకున్న కొట్టం.
మిట్టమధ్యాహ్నం కూడా లాంతరు కావాలి.

తొట్టి నిండా మేత ఉంది,
మాహ్తె మంచు తవ్వి తెచ్చి పోసిన రాతిపువ్వు,
తడి మట్టి వాసన ఇంకా వదలనిది.
పదకొండో నంబరు, ఆడ రెయిన్‌డీర్,
ఒకసారి వాసన చూసి తల పక్కకి పెట్టుకుంది.
జబ్బేం లేదు. పళ్ళు గట్టివే,
నిన్న రాత్రే చూశాను.

ఆకలి రుచెరగదంటారు.
ఈ చీకటి నెలల్లో ఆకలి
తిండినే ఎరగదు.

చెంప మీద బొచ్చు గొరిగి
రెండు సన్నటి తీగలు అతికించాం, బెరితూ నేనూ.
అంతకుముందు, తీగలు పనిచేస్తున్నాయో లేదోనని
నా చెంపకి పెట్టి చూసింది బెరిత్.
"కొరుకు" అంది. కొరికాను.
కలం కొంచెం కదిలి ఊరుకుంది.
"సరిగ్గా కొరకవే" అంది.

తెల్లవార్లూ కాగితం మీద ఒకటే గీత,
గడ్డకట్టిన ఏరు.
నెమరేసినప్పుడు మాత్రం నాలుగు చిన్న అలలు,
పాత బాకీ తీర్చేసినట్టు,
అదీ సగం నిద్రలో.

"నమలమని చెప్పేది పళ్ళు కాదు, పొట్టా కాదు.
మెదడు అడుగున చిక్కుడు గింజంత చోటుంది.
వేసవంతా అది దవడని తన్ని లేపుతుంది.
చలి ముదిరితే తనే దుప్పటి కప్పుకుంటుంది."
బెరిత్ చెబుతుంటే మాహ్తె వినీ విననట్టు
పొయ్యిలోకి భూర్జ చెక్క తోశాడు.
"మా అమ్మ దీన్ని చీకటి ఉపవాసం అనేది."
"కోరికే లేనప్పుడు ఉపవాసం ఏముంది?" అన్నాను.
అతను నన్ను చూశాడు, తర్వాత నా చేతిలో రొట్టెని.
పొద్దుటి నించీ అది అక్కడే ఉంది.

*

మార్చి ఆఖరు.
సాయంత్రం వెలుతురు
లేవమన్నా లేవని చుట్టంలా కొట్టంలోనే కూర్చుంటోంది.
తొట్టి ఖాళీ. మేత బండి మంచులో దిగబడింది.
మాహ్తె పార పట్టుకుని బయట
దేవుణ్ణీ ప్రభుత్వాన్నీ కలిపి తిడుతున్నాడు.

లోపల కలం ఉలిక్కిపడింది.

పదకొండో నంబరు నోట్లో ఏమీ లేదు.
వేళ్ళు పెట్టి మరీ వెతికాను,
నెమరు ముద్ద కూడా లేదు.
అయినా నములుతోంది,
గాలిని,
ఇంకా మొలవని చిగురుని,
చెంప కింద కండ చిన్న చేపలా కొట్టుకుంటూ.
కాగితం చాలక గీతలు అంచు దాటి పోతున్నాయి.
నిమిషానికి నూటపది, లెక్కపెట్టింది బెరిత్.
ఇంకోసారి లెక్కపెట్టింది.

తర్వాత యంత్రం మీంచి తలెత్తి అడిగింది:
"మరి ఆ రెండో కలం ఎవరిది?"

నా చెంప తడుముకున్నాను.
పొద్దుట పరీక్షకి పెట్టిన తీగ, తీయడం మరిచిపోయాం.
పళ్ళు పళ్ళకి తగులుతున్న చప్పుడు
అప్పుడు వినబడింది నాకు.

తలుపు తీసి అరిచాను:
"మాహ్తే, బండి తర్వాత.
నీ సంచిలో ఎండుమాంసం ఉందా?"

అది ఏ జంతువుదో
పదకొండో నంబరు ముందు అడగలేదు.