తర్వాత గుర్తుచేయి

పొద్దున నాలుగూ యాభై రెండు.
క్లాక్స్‌విక్ రేవులో అప్పటికే మూడు పడవలు.
వేలం హాల్లో ఐసు కొడుతున్న చప్పుడు.
ఒక చేతిలో కాఫీ, ఒక చేతిలో మౌస్.

ఉత్తరం మా ఫారో భాషలో వచ్చింది.
అదే నన్ను పడేసింది.
మాట్లాడేవాళ్ళందరినీ ఒక్క స్టేడియంలో కూర్చోబెట్టొచ్చు,
ఇంత చిన్న భాషలో
పనిగట్టుకుని అబద్ధమాడే తీరిక ఎవరికుంటుంది?

జతచేసిన బిల్లు చూడమంది.
ఒకచోట విభక్తి తప్పింది.
చూశాను. చూడలేదనను.
ఈకాలం పిల్లలకి రాయడం రాదనుకుని
మనసులోనే దిద్ది, రెండు మార్కులు తగ్గించి,
నొక్కాను.

పసుప్పచ్చ పెట్టె ఒకటి అడ్డమొచ్చింది, ఏదో హెచ్చరిక.
ఈగను తోలినట్టు తోలాను.
అప్‌డేట్ చేసుకుంటానని నలభై ఒక్క రోజులుగా
అడుగుతూనే ఉంది ఆ యంత్రం.
తర్వాత గుర్తుచేయి, అన్నాను రోజూ,
అప్పులవాడికి చెప్పినట్టు.

పాస్‌వర్డు మా నాన్న పడవ పేరు,
పక్కన అది మునిగిన సంవత్సరం.
కాగితమ్మీద రాసి కీబోర్డు కింద పెట్టాను.
నేల తుడిచే సున్లేగ్‌కి కూడా తెలుసు.
వీధి తలుపుకి మాత్రం మంచి తాళం,
జర్మనీది, ఏడు లివర్లది.
తాళం వేశాం. గొళ్ళెం సంగతి ఎవరడిగారు?

ఆరున్నరకి తెరలన్నీ నల్లబడ్డాయి.
నలుపు మీద ఎర్రటి గడియారం,
డెబ్భై రెండు గంటల నుంచి వెనక్కి నడుస్తూ.
కింద ఒక అంకె, మా ఊరి కొత్త బడికి అయినంత.
కాటా పలకదు. కొనేవాళ్ళ పేర్లు లేవు.
ఏ పడవకి ఎంత బాకీయో లేదు.
పదకొండు టన్నుల కాడ్ చేపలు మాత్రం ఉన్నాయి,
నోళ్ళు తెరుచుకుని.

చేపకి గడువు పెంచమని ఎవరికి రాస్తాం?

డెబ్భై ఎనిమిదేళ్ళ హానుస్‌ని నిద్రలేపి తీసుకొచ్చారు.
రాత్రి బట్టల మీదే వానకోటు వేసుకొచ్చి
గోడమీద సుద్దముక్కతో బరువులు రాస్తూ
పాట మొదలుపెట్టాడు,
పదకొండేళ్ళ కింద మేమే పింఛనిచ్చి పంపేసిన గొంతుతో.

టోర్షావ్న్ నుంచి సముద్రం కింది సొరంగంలోంచి
మర్యున్ వచ్చింది, సంచీ నిండా వైర్లతో.
"ఎవరు తెరిచారు?" అనడిగింది,
బయట వానా అని అడిగినట్టు.

అందరూ తైతుర్ వైపు చూశారు.
పంతొమ్మిదేళ్ళవాడు. మధ్యాహ్నాలు నా కుర్చీలో కూర్చుని
ఏవో ఆటలాడుకుంటాడు.
నేనూ చూశాను.
ఈ వాక్యం రాయడానికి వారం పట్టింది:
నేనూ వాడివైపే చూశాను.

"నేను కాదు" అన్నాడు, చెవులు కందిపోయి.
నిజం చెప్పేవాడి గొంతు
ఒక్కోసారి ఎంత దొంగలా వణుకుతుందో.

మూడు రోజులు.
నాలుగోనాడు చెప్పాను. ధైర్యమేం కాదు,
మర్యున్ చిట్టా విప్పుకుంటూ నిమిషాల దాకా వచ్చేసింది.
నాలుగూ, అని ఆమె అంటుండగా
యాభై రెండు, అన్నాను.

ఎవరూ తిట్టలేదు.
"ఎవరికైనా జరిగేదే, రన్‌వా" అన్నాడు మేనేజరు,
తన కీబోర్డు కింది కాగితం జేబులో కుక్కుకుంటూ.

ఆ దొంగ ఏ దేశంలో ఉన్నాడో తెలీదు.
వాడికి నా పేరు తెలియాల్సిన పనే లేదు.
వాడి పాపం వాడిది, అందులో అనుమానం లేదు.
నా వాటా ఎంతని
రాత్రుళ్ళు తూకం వేస్తుంటాను.
కొక్కెం మింగేటప్పుడు ఆ చేపకి ఆకలైనా ఉంది.
నాకు అదీ లేదు. తొందర, అంతే.
దేనికి తొందరో ఇప్పుడు గుర్తు రాదు.

మొన్న పింఛను ఆఫీసు ఉత్తరం వస్తే తెరవలేదు.
వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కునేసరికి తొమ్మిది రోజులు.
అసలుదేనట. గడువు దాటిపోయిందట.

తైతుర్ ఇప్పటికీ పొద్దున్నే
నా బల్లమీద కాఫీ పెట్టి వెళ్తాడు.
కూర్చోడు.