మూడో ఏడు

బల్లార్షాల మా క్వార్టరుకు
దినాం రెండుసార్లు నల్లరంగేస్తది గాలి.
పొద్దున కడిగిన బండల మీద
పగటాలకు పిల్లి నడిచిన అచ్చులు.
టీవీ అద్దం మీద మా చిన్నది ప్రణాళి
మరాఠీ అంకెలల్ల పదమూడో ఎక్కం రాసింది.
బడిల తప్పిందట. దుమ్ముల తప్పలే.

పొరకతోటి ఊడిస్తే దుమ్ము పోదు.
లేచి, మంచం సుట్టూ ఓసారి తిరిగి
మళ్ళ తన జాగల్నే కూసుంటది,
పంచాయితీ తెగేదాక కదలని చుట్టమోలె.

చీటీ ఎత్తిన దినం
గుంజే మిషను కొందామనుకున్న.

చంద్రపూర్ షోరూముల పిలగాడు మస్తు మాట్లాడిండు.
ఎర్రది చూపిండు. తీగ లేనిది చూపిండు.
అద్దాల బుడ్డిల సుడిగాలి తిరిగేదాన్ని
సర్కసుల పులిని చూపినట్టు చూపిండు.
"రెండేండ్ల గ్యారంటీ, తాయీ" అన్నడు.
"మూడో ఏడు?" అన్న.
నవ్విండు.
ఆ నవ్వు బిల్లుల రాయరు.

స్టేషను ఎనక మోటర్లు చుట్టే బోర్కుటే దుకాణం,
రైలు పోయినప్పుడల్ల
మేకులకున్న బెల్టులు ఊగుతయి.
ఏది మన్నుతది భావూ అని అడిగితే
కొత్తవాటి పేరే ఎత్తలే.
మూలకు చెయ్యి చూపిండు. అన్నీ సచ్చినయి.
"అమ్మెటోన్ని కాదు, వీటిని అడుగు"
సగం మరాఠీల, సగం మన తెలుగుల.

ఒక్కొక్కటి ఒళ్ళో పెట్టుకొని ఇప్పిండు.
ఇది గొట్టం మెడకాడ పగిలింది,
అందరు మెడ పట్టుకునే గుంజుతరు గదా.
దీనికి కార్బన్ బ్రష్ అరిగింది,
ఇరవై రూపాల రోగం,
కని ఒళ్ళంత అతికించిన్రు, ఒక్క మర లేదు,
మందెయ్యాలంటే పక్కటెముకలు ఇరగ్గొట్టాలె.
ఇగ దీన్ని చూడు,
ఏ సామాను చెడలే. జాలీ నిండింది, అంతే.
గాలాడక, లోపల్లోపల కాగి, మాడింది.
"మోటరు పనితోటి చావదు తాయీ,
దమ్మందక చస్తది."

నేనేం అనలే.
మా రాయలింగు ఇరవై ఆరేండ్లు
సాస్తి గనిల డంపరు తోలిండు.
రాత్రి మూడింటికి లేచి గోడకానుకొని
వేడి చారు జుర్రినట్టు గాలి జుర్రుతడు.
ఆయన జాలీ మార్చే దుకాణం ఎక్కడుందో
బోర్కుటేను అడగలే.
అడిగితే ఆయన చేతులు ఆగిపోతుండె.

కొన్నది కొత్తది కాదు.
ఉక్కు బిందెకు చక్రాలు పెట్టినట్టుంటది,
మూతబడ్డ లాడ్జిల పన్నెండేండ్లు చాకిరీ చేసింది.
ఉతికితే మళ్ళ పనికొచ్చే గుడ్డ సంచి,
రాగి తీగ చుట్టు, ఆరు మరలు.
పైసలు తీసుకునే ముందు
నాతోని రెండుసార్లు ఇప్పించి, బిగించిండు.
రెండోసారి ఒక మర మిగిలింది.
"మళ్ళ ఇప్పు" అన్నడు.

ఇంట్ల మొదటిసారి బటన్ ఒత్తితే
డబ్బాలన్నీ గడగడలాడినయి.
దుప్పట్లకెల్లి రాయలింగు తల ఎత్తి
"ఫస్టు గేరుల ఉన్నది, సెకండుకెయ్యి" అన్నడు.
శానా దినాలకు.

ఐతారం ఐతారం సంచి ఇప్పుత.
మొదటి వారం సోలెడు బొగ్గు ఎల్లింది, కొలిచిన.
"కంపెనీకి వాపసియ్యి, లెక్కల తక్కువైతది"
అని దగ్గుకుంట నవ్విండు, నవ్వుకుంట దగ్గిండు.
మరలిప్పే పుల్ల నూనె సీసా పక్కన పెట్టిన.
జాలీ ఉతికి ఎండకు పెట్టినప్పుడు
దాని పక్కపొంటి ఆయన కుర్చీ కూడ ఏస్త.

మూడో ఏడు నడుస్తున్నది.
టీవీ మీద రాసేతందుకు దుమ్ము లేదని
ప్రణాళి మూతి ముడిచింది.
కిటికీ అంచు మీద జానెడు జాగా
తుడవకుంట ఇడిచిపెడుతున్న.
పందొమ్మిదో ఎక్కం కాడ ఆగింది.