అద్దంలోడు

హమ్రియా గల్లీల మా దుకాణానికి
నాలుగు అద్దాలు.
పొద్దుందాక నా మొఖమే నాకు ఎదురొస్తది.

మొన్న రఫీకుల్ ఏదో జోకు చెప్పిండు.
నేను నవ్విన.
అద్దంలోడు నవ్వలే.
"కోపమొచ్చిందా భాయ్?" అన్నడు.
కోపం కాదురా,
లోపల పుట్టిన నవ్వు
పెదవి దాకా రాలే.

చెయ్యి వణుకుడంటవా, జేబుల దాసుకుంట.
ఇరవయ్యేండ్లు నా కత్తి కింద
కండ్లు మూసుకొని కూసున్న సాలెం సాబ్
ఈ శుక్రారం రెండో కుర్చీల కూసున్నడు.
సలాం మాత్రం రోజుకంటె గట్టిగ చెప్పిండు.

రాత్రి గోలీ బలం దిగేయాళ్ళకు
ఏడుపొస్తది. ఎందుకో తెల్వది.
అది గూడ రోగమేనట, పిరికితనం కాదట,
డాక్టరమ్మ చెప్పింది.
విన్నంక కొంచెం నిమ్మళం,
కొంచెం ఎక్కువ భయం.

పైసలు పంపే కాయితం మీద
"ఆశన్న" అని రాస్తే చీమ తలకాయంత.
సంతకం కలుస్తలేదన్నరు.

ఇయ్యాల షట్టర్ దించినంక
రఫీకుల్ నా కుర్చీల కూసొని
గదువ ఎత్తిండు.
"పిచ్చోడా, చెయ్యి చూడు."
"చూసిన. నురగ పెట్టు, చాలు."

బ్రష్ ముంచిన.
వణికే చేతికి
నురగ తొందరగనే లేచింది.
అద్దం దిక్కు నేను చూడలే.