నలభై ఒకటో రాయి

ఫారంలో పదకొండు గడులు.
పరకాల దాటినంక పత్తి చేను గట్టు మీద
నలభై ఒకటో రాయి.
రకం: వీరగల్లు.
ఎత్తు: టేపు మూడడుగుల దగ్గర ఆగింది,
మిగతాది మట్టికే తెలుసు.

వీరుడి మెడకు దూడ పలుపు.
ఎత్తిన కత్తి అరిగి అరిగి వేలంత మిగిలి
జిన్నింగు మిల్లు దిక్కు చూపిస్తోంది.

కెమెరా తీస్తుంటే ఓదెమ్మ
"ఆగు సారూ" అని
చెంబెడు నీళ్లు పోసి కొంగుతో తుడిచింది.
"ఫోటో దిగేటోడు మొకం కడుక్కోవద్దా?"

అక్షరాలు ఆనడం లేదంటే
గుప్పెడు జొన్నపిండి తెచ్చిచ్చింది.
రుద్దాను.
ఒక 'క', సగం 'మ',
ఆ తర్వాత గడ్డపార దెబ్బ.
పేరు అక్కడే పడిపోయింది, రెండోసారి.

స్థితి: శిథిలం అని రాసి
కొట్టేశాను.
సంరక్షకులు ఎవరు?
ఆ గడిలో పెన్ను కదల్లేదు.

"మా అత్త ఈడనే కట్టేది, నేనూ ఈడనే కడుతున్న"
పలుపు బిగిస్తూ అంది,
"ఇప్పటిదాక ఒక్కటి గూడ తెంపుకపోలే."

అదే రాసుకున్నాను, ఉన్నదున్నట్టు.
టేపు చుట్టుకుని వెనక్కి తిరిగితే
నాకు అందని వరసను
దూడ నాకుతోంది,
ఎడమ నుంచి కుడికి.