దీర్ఘం

బొగ్గు ఓడ దిగే రోజున
జ్ఞానాపురంలో ఎవరూ తెల్లబట్ట ఆరేయరు.
ఇన్నాసి మాస్టారు మాత్రం
ఉన్న ఒక్క పంచె తీగ మీదేసి
"నల్లబడితే పడనీయమ్మా, రేవుదే గదా" అనేవారు.

సెమినరీలో ఆరేళ్లు చదివి, ఫాదర్ అవకుండానే వచ్చేసి
ముప్ఫయ్యేళ్లు పోర్టులో బస్తాలు లెక్కరాసిన మనిషి.
లెక్కకాగితం వెనక, నీలం పెన్సిలుతో
నాకో లాటిను మాట రాసిచ్చారు:
పోర్తుస్. రేవు.

పుంలింగం. నాలుగో గుంపు.
"సిన్న గుంపే. సెయ్యి ఇందులోదే, ఇల్లూ ఇందులోదే.
ఆ రెండూ ఆడవి."

ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాను.
దాటడంలోంచి, అన్నారు.
మన 'పారం' దీనికి దూరపు చుట్టమట,
పెళ్లిళ్లకీ రాకపోకల్లేని చుట్టం.
ఏదో పాత చట్టంలో దీనికి ఇల్లనే అర్థమట.
ఇరుకు సందుకీ ఇదే పేరు తగిలించేరట, అంగిపోర్తుస్ అని.
మా సందుకేసి చూశాను.
రెండు సైకిళ్లు ఎదురైతే
ఒకటి వెనక్కెళ్లాలి.

గాలి రేవువైపు వీస్తే దానికో విశేషణం.
ఆ విశేషణమే ఇప్పుడు
ఉద్యోగ ప్రకటనల్లో ఆపర్చునిటీ.
"గాలి పోయింది, మాట మిగిలింది"
నవ్వేరు. చాలాసేపు దగ్గేరు.

ఇక విభక్తులు.
ప్రథమ, పోర్తుస్. షష్ఠి, పోర్తూస్.
రోమనులు రెంటినీ ఒక్కలాగే రాసేవారు.
రేవు, రేవు యొక్క:
కంటికి తేడా లేదు, చెవికే.
మన లిపిలో కొమ్ముకి దీర్ఘం. దాచలేం.

"మన మాటలో అదీ లేదు కదండీ
రేవు నిండింది, రేవు బొగ్గు. ఏం మారింది?"

పెన్సిలు ఆగింది.
"మరి ఇల్లు?"

ఇల్లు. ఇంటి కప్పు. ఇంటి తీగ.

"సూసేవా, ఇల్లు మారతాది. రేవు మారదు.
ముప్పయ్యేళ్లు రేవు మనిషిని నాను.
ఏ అచ్చరం మారిందో సెప్పు."

పంచె కేసి చూశాను గానీ
చెప్పలేదు.

షష్ఠి దగ్గరే పాఠం ఆగిపోయింది.
అది పోయినేడు ముసురుల్లో.
కాగితం నా దగ్గరుంది, పెన్సిలు గీతకి
కాస్త బొగ్గంటుకుని.

రాత్రి, రేవు విడిచే ఓడ
ఒక్కటే కూత వేస్తుంది.
యారాడ కొండకి తగిలి మా సందులోకొస్తుంది.
పక్కమీంచి లేవకుండా మాత్రలు లెక్కపెడతాను.
ఒకటి, ప్రథమ.
రెండు, షష్ఠి.
మూడు.

మూడైతే ప్లుతం.
దూరానున్న మనిషిని పిలిచేటప్పటిది.
సంబోధన దాకా
మేం రానేలేదు.