తరుగు

రాత్రి పదకొండు దాటింది.
నర్సంపేట రోడ్డు మీద సేటు గోదాముల
కాటా గది కంప్యూటర్ చీటీలు కక్కుడు ఆపింది.
బయట మిర్చి ట్రాలీలు, తుమ్ములు,
మధ్యమధ్యల హమాలీ కొమురెల్లి తిట్లు.

నల్లటి తెర. మౌస్ లేదు, బొమ్మ లేదు,
మూసేసి పోదామంటే మూలకు ఇంటూ గుర్తు కూడా లేదు.
వీఐ అని రెండక్షరాలు, పక్కన ఫైలు పేరు,
అంతే, తలుపు తెరుసుకుంటది.

మొదట్ల దీంతోని ఎంత గోసపడ్డనో!
రాయబోతే రాయనియ్యదు, కీచుమంటది.
డీ రెండుసార్లు తగిలిందా, వరుసకు వరుసే మాయం.
బయటికి పోయే తొవ్వ తెలువక
ఓసారి మెయిన్ స్విచ్చే పీకిన.
నేర్పినోడు యాకూబ్ పాషా.
"ముందు ఐ నొక్కాలె, అప్పుడే నీ మాట రాతయితది.
ఎస్కేప్ నొక్కినంక ప్రతి అక్షరం హుకుమే.
చెయ్యి అదే చెల్లే,
రాస్తున్నవా, హుకుమిస్తున్నవా, అది ఎరుకుండాలె."
పోయిన వానకాలం కొలువు ఇడిసిపెట్టిండు.
ఎందుకో చెప్పలే.

ఇయ్యాల ప్రింటర్ వరుస కోసం ఫైలు తెరిస్తే
తెర అడ్డం నిలవడ్డది:
దీన్ని ఇంకొకరు దిద్దుతున్నరు.
పేరు యాకూబ్. తేదీ జూలై తొమ్మిది.
ఏడు నెల్ల కింద, కరెంటు పోయిన పూట,
దాయకుండనే మిగిలిన దిద్దుబాటు.
తెచ్చియ్యాల్నా, పారెయ్యాల్నా?

ఆర్ నొక్కిన.

నలభై ఒకటో వరుస.
బస్తా తరుగు, సమానం గుర్తు,
దాని పక్కన ఏం లేదు.
పాత ఫైలుల అక్కడ రెండుంటది. బస్తాకు రెండు కిలోలు.
ఆ రెండును తీసేసిండు.
దాని జాగల ఏం రాయబోయిండో,
మూడా, ఒకటా, సున్ననా,
వెనుక నిలబడి ఎవరన్న చెప్తున్నరో, ఎవరూ లేకుండెనో.
కర్సర్ ఒక్కటే మినుకు మినుకుమంటుంది.

బయటికొచ్చి, ఖాళీ గోనెసంచి ఒకటి దులిపి
కాటా మీద పెట్టమన్న.
కొమురెల్లి నవ్విండు: "ఉత్త సంచిని ఎవరన్న జోకుతరా?"
బానోతు హాము నవ్వలే.
అప్పటిదాక ట్రాలీ నీడకు కూసున్నోడు
లేచొచ్చి అంకెల దిక్కు చూసిండు.
తొమ్మిది వందల గ్రాములు.

ప్రింటర్ వరుస దిద్దిన.
నలభై ఒకటికి దిగి, ఐ నొక్కిన.
సున్న, చుక్క, తొమ్మిది.
ఎస్కేప్.

ఇంకా ఏం కాలే.
యూ నొక్కితే వెనుకకు మర్లొచ్చు.
క్యూ పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి
ఏం చూడనట్టు లేచిపోవచ్చు.
పొద్దుగాల సేటు చీటీలు తిరగేస్తడు,
రాత్రి డ్యూటీ ఎవరిదని అడుగుతడు.

కోలన్ పెట్టిన. డబ్ల్యూ మీద వేలు ఆగింది.
కీల సందులన్నిట్ల మిర్చి దుమ్ము,
మరిచిపోయి అదే చేత్తోని కన్ను నులుముకున్న.

మంట.

నీళ్లు కారి తెర కనవడలే.
డబ్ల్యూ, క్యూ, ఎంటర్,
ఏది ఎక్కడుందో వేళ్లకు ఎరుకే.

ప్రింటర్ గురకపెట్టి లేచింది.
బయట హాము పేరు పిలుస్తున్నరు.