పలకని తలుపు

రీగాలో నాలుగింటికే చీకటి.
తెర మీద పసిపిల్లల బడి.
జింత్ర తలుపును నొక్కితే
గోడ వెలుగుతుంది.
మళ్ళీ నొక్కితే అంతస్తంతా నీలమై
నన్నేనా పిలిచావంటుంది.

పిన్ను తీసింది. పొరల తాళాలు వెతికింది.
ట్యాబ్ మీటతో హాజరు పిలిచింది:
గోడ, నేల, కిటికీ, మళ్ళీ గోడ.
తలుపు పలకదు.

"అది ఇల్గ్వార్స్ పేరు మీదుంది" అన్నారెవరో.
మార్చిలో మానేశాడతను.
వెళ్తూ కాఫీ కప్పు కూడా కడిగిపెట్టాడు,
ఈ ఒక్కటీ వదలడం మరిచాడు.

ఫోన్లో పడవ ఇంజను చప్పుడు, నవ్వు:
"గోడ దాచి చూడు, ఇంకోటుంది.
పిల్లల ఎత్తుకి గీశాను.
వాళ్ళొప్పుకోలేదు."

నిజమే.
మోకాలెత్తున గడియతో
బుల్లి తలుపు.
ఒక్క నొక్కుకే చిక్కింది.

తుడిచే మీట మీద వేలుంచి
జింత్ర
టీ చల్లారనిచ్చింది.